ఖాళీ నావకు గవ్వలు వేయరు

నాలుగు లైన్లు. అంతకు మించి ఒక్క అక్షరం పట్టదు.

నరసింగరావు నులకమంచం మీద పడుకుని తాటాకు కప్పు వంక చూస్తున్నాడు. ఆకుల సందుల్లోంచి దిగే ఎండలో ఆ నాలుగు లైన్లు ఖాళీగా ఊగుతున్నట్టు కనిపిస్తున్నాయి. పచ్చకామెర్లతో కలకత్తానుంచి అక్క ఇంటికి వచ్చి పదిహేను రోజులైంది. గోడ పసుపు, దుప్పటి పసుపు, వాకిట్లోంచి కనిపించే సముద్రం కూడా పసుపే. పొద్దున నేలఉసిరి పసరు మింగి కళ్ళు మూస్తే మధ్యాహ్నానికి తెరుస్తున్నాడు. ఏది నిద్రో ఏది మెలకువో తెలియడం లేదు. ఒక్కటి మాత్రం కలలోకి వచ్చినా చెదరడం లేదు. దిండు కింద ఉన్న కలకత్తా ఉత్తరం.

రాసింది ఘోషాల్, అతని పైఅధికారి. మాటలు తక్కువ మనిషి. యంత్రం జ్ఞాపకం నిండిపోయిందనీ, ప్రోగ్రాములో కాపలా ముక్కకు నరసింగరావు తొమ్మిది లైన్లు రాశాడనీ, తను ఇవ్వగలిగింది నాలుగేననీ రాశాడు. ఫిబ్రవరి పంతొమ్మిది, బుధవారం ఉదయం ఎనిమిదికి యంత్రం వాళ్ళకు ఒక్క గంట దొరుకుతుంది. ఆలోగా నాలుగు లైన్లలో రాకపోతే ఆ ముక్క తీసేస్తాడు. చివరి వాక్యం నరసింగరావుకి కంఠతా వచ్చేసింది. "నెలాఖరుకి నీ ప్రొబేషను ముగుస్తుంది. ముక్క లేని మనిషి గురించి కమిటీకి ఏం రాయాలో నాకు తెలియదు."

అంటే ఉద్యోగం ఆ నాలుగు లైన్ల మీద నిలబడి ఉంది.

అతను పనిచేసేది కలకత్తాలో ఒక చిన్న వ్యవసాయ పరిశోధన కార్యాలయం. ఊరూరా ప్రయోగం కోసం వరి వేసిన మళ్ళ దిగుబడులు అక్కడికి వస్తాయి. వాటిని కార్డుల మీద చిల్లులుగా కొట్టి, గంటల లెక్కన అద్దెకు తీసుకున్న కంప్యూటరుకు తినిపిస్తారు. అది అంకెల్ని జతలుగా కలుపుతుంది, ఆ జతల్ని మళ్ళీ జతలుగా కలుపుతుంది, చివరికి ఒక్కటి మిగిలేదాకా. అప్పుడు ఏ ఎరువు ఏ విత్తనానికి పనిచేసిందో తేలుతుంది. అందుకని ఒక్కో ఊరి మళ్ళ సంఖ్య ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు, ఇలాగే ఉండాలి. పన్నెండో పద్నాలుగో వస్తే మధ్యలో జత కుదరక అంతా పాడవుతుంది. అలాంటి కట్టను గుమ్మం దగ్గరే ఆపేయడం నరసింగరావు ముక్క చేసే పని.

అతను రాసిన పద్ధతి అందరికీ తోచేదే. సంఖ్యను సగం చెయ్యి, శేషం ఉందేమో చూడు, లేకపోతే మళ్ళీ సగం చెయ్యి. దానికి తొమ్మిది లైన్లు అయ్యాయి. పసరు తాగి, పథ్యం తిని, కళ్ళు మూసుకుని ఎంత నొక్కినా ఏడుకు దిగింది గాని నాలుగుకు దిగలేదు.

శుక్రవారం పొద్దున నావ ఒడ్డుకు వచ్చిన సందడికి మెలకువ వచ్చింది.

ఆ పల్లె వంశధార సముద్రంలో కలిసే చోటికి కాస్త ఉత్తరాన ఉంటుంది. అక్క కూర్మమ్మ ఇల్లు ఒడ్డుకు నూరు అడుగుల్లోనే. బావ ఎర్రన్నకు నావ ఉంది, దాని మీద వెళ్ళేది ఏడుగురు కూలీలు. నావ రాగానే, అక్క దగ్గరే ఉంటున్న మామ్మ దేముడమ్మ ఇంటి ముందు ఇసకలో చాప వేసుకుని కూచుంటుంది. ఆవిడ రెండు కళ్ళకూ శుక్లాలు. కనిపించేది వెలుగొక్కటే. అయినా గంపల లెక్క ఆవిడదే. ఆవిడ చెప్పాకే చేపలు కదలాలి.

చాప మీద రెండు వరసలు, వరసకు ఆరు గవ్వలు. చిన్నప్పుడు వేలసార్లు చూసిందే. చూసీ చూసీ చూడ్డం మానేసిందే. ఆ రోజు మాత్రం జ్వరపు కళ్ళతో, దూరపు ఊరి మనిషిలా చూశాడు.

కూర్మమ్మ ఒక్కో గంప దాటించినప్పుడల్లా "తల్లీ" అని కేక వేస్తోంది. మామ్మ వేళ్ళు పై వరసలో కుడి చివర గవ్వను వెతుక్కుంటున్నాయి. గవ్వ బోర్లా ఉంటే వెల్లకిలా తిప్పి ఆగుతోంది. వెల్లకిలా ఉంటే బోర్లా తిప్పేసి ఎడమ పక్క గవ్వకు వెళ్తోంది, అక్కడా అదే పని. ఒక గంపకు ఒక్క గవ్వ నోరు తెరిచింది. రెండో గంపకు అది మూసుకుని దాని పక్కది తెరిచింది. మూడో గంపకు రెండూ తెరుచుకున్నాయి. నాలుగుకు రెండూ మూసుకుని మూడోది తెరిచింది.

నరసింగరావు మోచేతి మీద లేచి కూచున్నాడు.

యంత్రం అంకెల్ని దాచుకునేది ఇలాగే. వెలిగిన దీపాలు, ఆరిన దీపాలు. కలకత్తాలో చలిగది, గాజు తలుపులు, తెల్లకోట్లు. ఇక్కడ ఇసక, చేపల వాసన, గుడ్డి ముసలమ్మ వేళ్ళు.

గంపలు పన్నెండు దగ్గర ఆగాయి. మామ్మ కింది వరసను కూడా పై వరసలాగే పేర్చింది. తరువాత అందులోంచి, సముద్రపు తల్లి గంగమ్మ పేరున, లెక్కకు ఒక గంప తీసేసింది. తియ్యడానికి గవ్వల్ని వెనక్కి తిప్పాలి. కుడి చివరనుంచి బోర్లా ఉన్నవన్నీ వెల్లకిలా అయ్యాయి, మొదట ఎదురైన వెల్లకిల గవ్వ బోర్లా పడింది, అక్కడితో ఆగింది. ఇప్పుడు పైన పన్నెండు, కింద పదకొండు. మామ్మ బొటనవేలు పై వరస మీద, చూపుడువేలు కింది వరస మీద ఆనించి, రెండూ కలిపి నడిపించింది. నాలుగో గవ్వ దగ్గర రెండు వేళ్ళకూ నోళ్ళు తగిలాయి.

"అడ్డున్నాది. ఏలంపాటకి పంపీండి," అంది.

నరసింగరావు గోడ పట్టుకుని వాకిట్లోకి నడిచి ఆవిడ పక్కన చతికిలబడ్డాడు. అడ్డంటే ఏమిటని అడిగాడు.

"ఇన్నేళ్ళొచ్చి ఇప్పుడడుగుతన్నావేటిరా నర్సింగా. పైనోరుకి కిందనోరు ఎదురుపడితే అడ్డు. ఆ దినం సగాలు సరిగ్గా తెగవు, కొట్లాటొస్తాది, అమ్మీడమే. ఎదురుపడకపోతే తల్లి దినం. నావకి సగం, మనుసులకి సగం, ఆ సగంలో సగం, అలాగ ఒక్క గంప మిగిలీదాకా తెగుతాది."

ఎందుకలా అవుతుందన్నాడు.

"మా అత్త సెప్పింది. ఆవిడికి ఆలత్త సెప్పింది. ఎందుకో ఎవులడిగినారు, పన్లేనోడివి నువ్వు తప్ప."

శనివారం పదహారు గంపలు వచ్చాయి. పై వరసలో ఐదో గవ్వ ఒక్కటే నోరు తెరిచి ఉంది. కింది వరసలో ఒకటి తీయగానే ఆ ఐదోది మూసుకుని దాని కుడిపక్క నాలుగూ తెరుచుకున్నాయి. మామ్మ వేళ్ళు ఈ చివరనుంచి ఆ చివరకు వెళ్ళాయి. ఎక్కడా నోరుకు నోరు తగల్లేదు.

"తల్లి దినం," అంది మామ్మ. కూలీలు నవ్వుతూ గంపలు సగాలు చేసుకున్నారు.

ఆ మధ్యాహ్నం నరసింగరావుకు ఒక కల వచ్చింది. కల అనుకున్నాడు గాని, కళ్ళు తెరిచే ఉన్నాయేమో కూడా. సముద్రం ఒడ్డంతా గవ్వలు వరసగా ఉన్నాయి. ఒక్కోటి ఇంటి గుమ్మమంత. కొన్నింట్లో దీపం వెలుగుతోంది. కుడివైపునుంచి పసుపు రంగు అల ఒకటి చప్పుడు లేకుండా వచ్చింది. చీకటి గుమ్మాలన్నీ వెలిగించుకుంటూ వచ్చింది, వెలిగి ఉన్న మొదటి గుమ్మం దగ్గరకు రాగానే దాన్ని ఆర్పేసి వెనక్కి తిరిగింది. ఎడమవైపు గుమ్మాలను ముట్టుకోనే లేదు. ఎడమవైపు ఇంకో దీపం ఉంటే అది అలాగే మిగిలిపోయింది. ఊరంతటికీ ఒక్కటే దీపం ఉంటే, అల ఆర్పింది దాన్నే. ముందు వెలిగిన దీపం ఇప్పుడు ఒక్కటీ లేదు.

రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. అన్నీ ఒంటిదీపం సంఖ్యలే.

అతను లేచి కూచున్నాడు. చొక్కా తడిసిపోయింది. యంత్రానికి ఒక ఆజ్ఞ ఉంది, రెండు వరసల్ని పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ వెలిగిన దీపాల్ని మాత్రమే మిగిల్చేది. మామ్మ బొటనవేలూ చూపుడువేలూ చేసే పని అదే.

సంఖ్యను తీసుకో. ఒకటి తగ్గించు. మొదటి సంఖ్యతో పోల్చి, రెండింట్లో ఉన్నవే మిగుల్చు. ఏమైనా మిగిలితే తిప్పికొట్టు.

వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. నాలుగు లైన్లు.

ఆదివారమంతా చాప మీదే గడిపాడు. కాగితం మీద రాసినదాన్ని గవ్వల మీద సరిచూశాడు. మామ్మ ఎప్పుడూ మొదటి గంపనుంచే మొదలుపెడుతుంది గనక అతనూ ఒకటి నుంచే మొదలుపెట్టి అరవై మూడు దాకా వెళ్ళాడు. ఒక్కచోటా తప్పలేదు. ఎర్రన్న వల బాగుచేసుకుంటూ, పెద్ద చదువు చదివినోడు పిల్లల ఆట ఆడుతున్నాడని ఊరంతా వినేలా చెప్పాడు. కూర్మమ్మ గంజి తెచ్చి ముందు పెట్టి, తాగేదాకా గవ్వలు లాక్కుంది.

సోమవారం పొద్దున్నే ఎర్రన్న అతన్ని వెంటబెట్టుకుని బయలుదేరాడు. నరసన్నపేట దాకా బండి, శ్రీకాకుళం దాకా బస్సు, అక్కడినుంచి ఆమదాలవలస స్టేషనుకు ఇంకో బస్సు. కలకత్తా వైపు పోయే మెయిలు వచ్చాక, దాని తపాలా బోగీలో నిలబడ్డ మనిషి చేతికి నరసింగరావు స్వయంగా కవరు ఇచ్చాడు.

"కాయితం పంపుతన్నావా, కూతుర్ని అత్తారింటికి పంపుతన్నావా బామ్మర్దీ? కళ్ళంట నీల్లేటి?" అన్నాడు ఎర్రన్న.

కామెర్ల వల్ల అన్నాడు నరసింగరావు. రైలు వెళ్ళిపోయింది. ఉత్తరంలో చెప్పినట్టే ఘోషాల్ మంగళవారం హౌరాలోనే కవరు అందుకుంటాడు, రాత్రికి కార్డులు కొట్టిస్తాడు, బుధవారం ఎనిమిదికి యంత్రం తిరుగుతుంది. ఇక చెయ్యాల్సిందేమీ లేదు. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పదిహేను రోజుల్లో మొదటిసారి ఏ అంకే లేని నిద్ర పట్టింది.

మెలకువ వచ్చేసరికి బస్సు నరసన్నపేటకు మైలు దూరంలో ఆగి ఉంది. ఎవరో రైతు ఎక్కాడు. ఎర్రన్నకు తెలిసినవాడే, పేరు లక్ష్ముడు. ఎదురు సీటులో కూచుని బీడీ ముట్టించాడు. కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్క పొలంలో ఒక రేకు పలక నిలబెట్టి ఉంది. పలక మీద తన కార్యాలయం పేరు. పలక వెనక మళ్ళు లేవు. గట్లు కూడా కనబడని తెల్లటి ఇసక.

ఎర్రన్న పంట సంగతి అడిగాడు.

"ఏటి పంట? అక్టోబరులో వరదొచ్చి ఇసకేసీసి పోనాది. పదహారు మళ్ళేసినాను ఆ ఆఫీసోల్ల మాట ఇని. మొన్న సంకురాత్రి ముందు ఒకాయనొచ్చినాడు. సూసినాడు. కాయితం మీద సున్నా సుట్టీసి ఎల్లిపోనాడు."

నరసింగరావు కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి.

ఆ కాగితం కూడా పంపారా అని అడిగాడు.

"పంపకేటి బాబూ. పండినోడిదీ పంపుతారు, పండనోడిదీ పంపుతారు. కలకత్తా పోతాదంట."

బస్సు కదిలింది. నరసింగరావు కళ్ళ ముందు గవ్వల వరస పరుచుకుంది. ఆరూ బోర్లా ఉన్నాయి. సున్నా. కింది వరసలో ఒకటి తగ్గిస్తే ఏమైనా కానీ, పై వరసలో అసలు నోరే లేదు. నోరు లేనిచోట ఎదురుపడేదేముంది? బొటనవేలికి ఏమీ తగలదు. అడ్డు లేదు. తల్లి దినం. లోపలికి పంపు.

అతని కాపలావాడు సున్నాను లోపలికి పంపేస్తాడు.

తరువాత ఏం జరుగుతుందో అతనికి బాగా తెలుసు. యంత్రం లేని అంకెల్ని జతలు కట్టడం మొదలుపెడుతుంది. చివరికి ఒక్కటి మిగిలినప్పుడు ఆగమని దానికి చెప్పారు. ఒక్కటి ఎన్నటికీ మిగలదు. దీపాలు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి, గడియారం తిరుగుతూ ఉంటుంది. గంట అయిపోతుంది. తరువాతివాళ్ళు తలుపు తడతారు. ఘోషాల్ కమిటీకి రాయడానికి అప్పుడు చాలా మాటలు దొరుకుతాయి.

ఐదో లైను కావాలి. సున్నా అయితే తిప్పికొట్టు అని. ఐదో లైనుకు చోటు లేదు.

అతను వేళ్ళమీద ఏదో మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకోవడం ఎర్రన్న చూశాడు. జ్వరం తిరగబెట్టిందేమోనని నుదురు ముట్టుకున్నాడు. నరసింగరావు గుక్క తిప్పుకోకుండా సంగతి చెప్పాడు. యంత్రం మాట ఎర్రన్నకు ఎంత అర్థమైందో గాని, మామ్మ లెక్కను తప్పంటున్నాడని మాత్రం అర్థమైంది. మనిషి మొహం మాడ్చుకున్నాడు.

"మామ్మ లెక్క తప్పదు," అన్నాడు.

"సున్నాకి తప్పుతాది బావా. నావ ఖాళీగా వస్తే, గవ్వలన్నీ బోర్లా ఉంటే, మామ్మ ఏలుకి ఏటి తగులుతాది సెప్పు."

"ఖాళీ నావకి గవ్వలేస్తారేటి?"

నరసింగరావు అతని వంక చూశాడు.

"ఖాళీగొస్తే సాపే తియ్యరు కదరా. ముసిల్ది నీల్లోకి దిగి నావ ముక్కుకి పసుపునీల్లు రాస్తాది. గవ్వలకాడికి అది రాదు. రానిదానికి లెక్కేటి?"

బస్సు నరసన్నపేట సెంటర్లో ఆగకముందే నరసింగరావు దూకేశాడు.

సున్నాను గుమ్మం దగ్గర ఆపక్కర్లేదు. గుమ్మం దాకా రానివ్వకపోతే చాలు. యంత్రంలో చోటు లేదు, కాని యంత్రం బయట కావలసినంత చోటుంది. కార్డుల కట్టలు తినిపించేముందే సున్నా ఉన్నవి చేత్తో ఏరి పక్కన పెట్టేస్తే ఐదో లైను అక్కర్లేదు. టెలిగ్రాం ఈ రోజే వెళ్ళాలి. తంతి ఆఫీసు గోడ గడియారంలో ఐదుకు పావు తక్కువ. ఐదింటికి కౌంటరు మూస్తారు.

తంతి గుమాస్తా పేరు నారాయణమూర్తి. యాభై ఏళ్ళ మనిషి, ముక్కు చివర కళ్ళద్దాలు. నరసింగరావు ఇంగ్లీషులో రాసిచ్చిన కాగితం రెండుసార్లు చదివాడు. నడిపే ముందు సున్నా కార్డులన్నీ తీసెయ్యండి, అని దాని అర్థం. మూడోసారి చదివి కాగితాన్ని వెనక్కి జరిపాడు.

అవి కొండల్లో నక్సలైట్ల గొడవలు రాజుకున్న రోజులు. అర్థం కాని టెలిగ్రాం ఏదొచ్చినా తమకు చూపించాకే పంపమని పోలీసులు నోటిమాటగా చెప్పి వెళ్ళారట. సబ్ ఇన్‌స్పెక్టరు టెక్కలి వెళ్ళాడు, రేపు సాయంత్రానికి వస్తాడు.

"రేపు సాయంత్రం పంపితే బుధవారం పొద్దుటికి సేరదండీ," అన్నాడు నరసింగరావు.

"సేరదు. కాని ఇదేటో నాకు తెలియకుండా మీట మీద సెయ్యి పెట్టలేను బాబూ. ఏం కార్డులు? ఎవరు తియ్యాలి? మీరు చూస్తే ఒళ్ళంతా పసుపు, ఎక్కడో దాక్కుని వచ్చినట్టున్నారు."

ఎర్రన్న కౌంటరు మీదికి వంగి ఏదో అనబోయాడు. నరసింగరావు అతని భుజం పట్టి ఆపాడు. జేబులోంచి రుమాలు తీసి ముడి విప్పాడు. నిన్న సరిచూసుకున్న పన్నెండు గవ్వలు కౌంటరు చెక్క మీద గలగలమన్నాయి.

అతను రెండు వరసలు పేర్చాడు. నావ, గంపలు, గంగమ్మ గంప, అడ్డు, తల్లి దినం. చెబుతూంటే గొంతు తనదిలా లేదు, మామ్మదిలా ఉంది. నారాయణమూర్తి మొదట గడియారం చూశాడు. తరువాత గవ్వలు చూశాడు. తరువాత కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"నోరూ వీపూ రెండే గుర్తులు," అన్నాడు నెమ్మదిగా. "చిన్న చప్పుడు, పెద్ద చప్పుడు. ఇరవై ఏళ్ళుగా నా చెవిలో పడేవీ రెండే."

తనే చెయ్యి చాచి ఎనిమిది పేర్చాడు. ఒకటి తగ్గించాడు. బొటనవేలూ చూపుడువేలూ నడిపించాడు. అడ్డు లేదు. పది పేర్చాడు. అడ్డుంది. ఆరు. అడ్డుంది. అతని మొహంలో ఏదో వెనక్కి, చాలా వెనక్కి వెళ్ళింది. బడి వదిలిన పూటలా. గడియారం ఐదు కొట్టడం ముగ్గురూ విన్నారు, ఎవరూ తలెత్తలేదు.

అప్పుడు నారాయణమూర్తి పై వరసలో గవ్వలన్నీ బోర్లా తిప్పేశాడు. కింది వరసలో ఒకటి తగ్గించబోయి, ఆ చివరనుంచి ఈ చివరదాకా అన్నీ వెల్లకిలా పడడం చూసి ఆగాడు. వేళ్ళు నడిపించాడు.

"ఎదురుపడలేదు," అన్నాడు. "ఏమీ లేని దానికి కూడా సరే అనేస్తోందేటి మీ లెక్క?"

"అదేనండి ఆ కాగితంలో రాసింది."

గుమాస్తా కాగితాన్ని మళ్ళీ తన వైపు జరుపుకున్నాడు. నాలుగోసారి చదివాడు. తిరిగి కూచుని మీట మీద చెయ్యి పెట్టాడు. చిన్న చప్పుడు, పెద్ద చప్పుడు. ఆ చప్పుళ్ళు కిటికీలోంచి, రోడ్డు వారన స్తంభాల మీదుగా, ఇసకేసిన పొలం పక్కనుంచి కలకత్తాకు వెళ్ళిపోవడం నరసింగరావుకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

అయినా అందుతుందో లేదో ఎవరికి తెలుసు.

బుధవారం పొద్దున అతను ఇసకలో కూచున్నాడు. అక్క ఇంట్లో గడియారం లేదు. సూర్యుడు తాడెత్తు లేచినప్పుడు ఎనిమిదై ఉంటుందనుకున్నాడు. ఇప్పుడు తలుపు తీసి ఉంటారు. ఇప్పుడు దీపాలు వెలిగి ఉంటాయి. సముద్రం ఇంకా కాస్త పసుపుగానే ఉంది, అంచుల్లో మాత్రం నీలం తిరిగింది.

ఎర్రన్న నావ వచ్చింది. ఎవరూ కేక వెయ్యలేదు. నావ తేలిగ్గా, ఎత్తుగా వస్తోంది. కూర్మమ్మ చుట్టిన చాపను గోడకు ఆనించి లోపలికి వెళ్ళి, ఇత్తడి చెంబుతో పసుపునీళ్ళు తెచ్చి మామ్మ చేతికిచ్చింది. దేముడమ్మ అలల చప్పుడు పట్టుకుని నడిచి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది. నరసింగరావు లేచి వెళ్ళి ఆవిడ రెక్క పట్టుకున్నాడు. ఆవిడ నావ ముక్కు తడుముకుని పసుపు రాసింది. పడుకోబోయే పిల్లవాడి నుదురు నిమిరినట్టు రెండుసార్లు నిమిరింది. నావలో కూలీలు తలలు వంచుకుని నిలబడ్డారు. ఒక్కడూ తిట్టుకోలేదు.

అతను ఆ చెయ్యి వంకే చూస్తూ ఉండిపోయాడు.

గురువారం మధ్యాహ్నం, మామ్మ నావ కోసం చాప పరుచుకుని ఉండగా, నారాయణమూర్తి సైకిలు నడిపించుకుంటూ ఇసకలో వచ్చాడు. టెలిగ్రాం పంచే మనిషి వేరే ఉన్నాడు. ఇది మాత్రం తనే తెచ్చాడు. చెమట తుడుచుకుంటూ, విప్పకుండానే అందులో ఏముందో చెప్పేశాడు, తన చెవితో విన్నదే గనక. రెండు కట్టలు తీసి పక్కన పెట్టారు. మిగిలినవన్నీ నలభై నిమిషాల్లో నడిచాయి. కమిటీకి ఘోషాల్ నిన్ననే రాశాడు. నెలాఖరుకి వచ్చి పనిలో చేరాలి. చివర ఒక ప్రశ్న ఉంది. నాలుగు లైన్లు ఎవరు నేర్పారు?

కూర్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎర్రన్న బామ్మర్ది వీపు మీద ఒక్కటి చరిచాడు, కామెర్ల సంగతి మరచిపోయి.

నారాయణమూర్తి జేబులోంచి ఖాళీ ఫారం తీశాడు. జవాబు ఇప్పుడే రాసిస్తే సాయంత్రానికి పంపేస్తానన్నాడు. నరసింగరావు మోకాలి మీద పెట్టుకుని రాశాడు. దేముడమ్మ, మా మామ్మ.

ఏం రాస్తున్నాడని మామ్మ అడిగింది. చెప్పాడు. ఆవిడ పెదవి విరిచి, తన పేరు తీగల మీద పోతే సచ్చిపోనాననుకుంటారు అంది. మళ్ళీ అడిగింది.

"ఆ పక్కన పెట్టీసిన రెండూ ఎవులివి?"

ఒకటి నరసన్నపేట దగ్గర లక్ష్ముడిదనీ, వరదలో పోయిందనీ, రెండోది ఎక్కడిదో తెలియదనీ చెప్పాడు.

"మరి ఆల్లకాడికి ఎవులెల్లినారు?"

ఎవరూ వెళ్ళలేదు. సున్నా చుట్టి వచ్చేశారు.

"అలాగొగ్గీకూడదురా నర్సింగా. లెక్కలోకి రానీకపోవడం సరే. కాని ఖాళీగొచ్చినోడికాడికి ఎవులో ఒకలు దిగాల. లేపోతే మల్లీ సంద్రంలోకి ఎలాగెల్తాడు?"

అల ఒకటి వచ్చి చాప వైపు పాకి, ఏమీ ముట్టుకోకుండా వెనక్కి వెళ్ళింది. అతను ఫారం మీద పేరు కింద ఇంకో లైను రాశాడు. ఆ రెండు పొలాలకూ విత్తనాలతో మనిషిని పంపండి, నరసన్నపేటది నేనే చూసి వస్తాను.

నారాయణమూర్తి చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళడానికి లేవలేదు. చెప్పులు విడిచి చాప అంచున కూచుని, మామ్మ అనుమతి కోసం చూసి, ఆవిడకు కనబడదని గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు. దేముడమ్మ గవ్వల గుడ్డ విప్పి అతని ముందుకు తోసింది. నావ ఇంకా కనుచూపు మేరలో లేదు.